హంసల మలుపులో పచ్చ రంగు

శనివారం పొద్దున పదింటికి ఆల్డెమార్ ఊరి ఐసు బాట తెరిచారు. పదకొండూ పది అయ్యేసరికి, ఆ బాటమీద ఎవరి ప్రాణమైనా పోతే అది తన వల్లేనని గెర్లోఫ్‌కి అర్థమైంది.

అప్పుడతను ఐసు సంఘం షెడ్డులో బఠాణీ సూపు గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఐదేళ్ల తర్వాత కాలువలు గడ్డకట్టాయి. ఊరు ఊరంతా స్కేట్లు కట్టుకుని నీటిమీదే ఉంది. వాళ్లలో అతని భార్య యెల్త్యె కూడా ఉంది. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆమె ఐసుమీద కాలు పెట్టడం ఇదే మొదలు. పద్దెనిమిది కిలోమీటర్ల బాట. ఇద్దరు స్నేహితురాళ్లతో పదింటికి బయల్దేరింది, ఎర్ర ఊలు టోపీ పెట్టుకుని.

సంఘం కార్యదర్శి విట్‌స్కె లోపలికి వచ్చి చేతి తొడుగులు విప్పింది. నలభై ఏళ్ల మనిషి, పాల డెయిరీలో కంప్యూటర్లు చూస్తుంది. ఇవాళ ఆమె మొహం వెలిగిపోతోంది.

"మేస్త్రి గారూ, అందరూ మిమ్మల్నే పొగుడుతున్నారు. హంసల మలుపు తెరిచి భలే పని చేశారు. ఆ తివాచీ నడక తప్పుతుందని గ్రూపులో ఒకటే దండాలు."

"హంసల మలుపు నేనెక్కడ తెరిచాను?" అన్నాడు గెర్లోఫ్.

ఆమె నవ్వుతూనే ఫోను అతని ముందు పెట్టింది. ఊరి కాలువలన్నీ సన్నటి గీతలుగా కనబడుతున్నాయి. మలుపు దగ్గర గీత నిగనిగలాడే పచ్చ రంగులో ఉంది. దానిమీద చిన్న నక్షత్రం, నక్షత్రం కింద అతని పేరు.

గెర్లోఫ్ సూపు గిన్నె బల్లమీద పెట్టాడు. బల్ల అంచున పెట్టాడు. గిన్నె కింద పడి పగిలింది. అతను చూసుకోలేదు.

ముప్ఫై మూడేళ్లుగా అతను ఆ ఊరికి ఐసు మేస్త్రి. జీతం లేని పని. నీళ్లు గడ్డకట్టడం మొదలయ్యాక తెల్లారగానే బయల్దేరి, చేతి బర్మాతో ఐసుకి చిల్లు పెట్టి, వాళ్ల నాన్న గాట్లు పెట్టిన కర్రతో మందం కొలుస్తాడు. పన్నెండు సెంటీమీటర్లుంటే జనం వెళ్లొచ్చు. వంతెనల కింద, తుంగ పొదల పక్కన, బాతులు చేరే చోట ఐసు ఎప్పుడూ పలచనే. అలాంటి చోట ఒక కొమ్మ నరికి ఐసులో గుచ్చుతాడు. ఆ తర్వాత షెడ్డు కిటికీకి అంటించిన కాలువల పటంమీద, అదే చోట, వడ్రంగి ఎర్ర పెన్సిలుతో గుర్తు పెడతాడు. మంచి ఐసుకి ఏ గుర్తూ పెట్టడు. వాళ్ల నాన్నా పెట్టలేదు. బాగున్నదానికి గుర్తెందుకు? ఆల్డెమార్‌లో పుట్టినవాడెవడైనా కిటికీ ముందు నిలబడి ఎర్ర గుర్తులు చూసుకుని, అవి తప్పించుకుని వెళ్లేవాడు.

ఊళ్లోకి కొత్త సంగతులు ఒక్కసారిగా రాలేదు. ముందు గుమ్మంలో నిలబడి, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చునే చుట్టాల్లా వచ్చాయి. పంచాయతీ ఆఫీసు కిటికీ మూసేసి, పాస్‌పోర్టు కావాలంటే వెబ్‌సైటులో సమయం తీసుకోమన్నారు. నెల రోజులు తిట్టుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. రొట్టెల కొట్టువాడు శనివారం రొట్టెలకి గ్రూపు పెట్టాడు. ఆవుల బెర్టుస్ తన ఆవుల మెడలో ఏదో పట్టీ కట్టి, ఏ ఆవు ఎప్పుడు నెమరేసిందో మంచంమీంచే చూస్తున్నానని గొప్పలు పోయాడు. యెల్త్యె కెమెరా ముందు కూర్చుని నాలుగూళ్ల ఆడవాళ్లకి అల్లిక నేర్పుతోంది. అందరికంటే ఆఖరున కదిలినవాడు గెర్లోఫ్. అదీ భార్య పాత ఫోనుతో, పగిలిన అద్దంతో.

ఈ శీతాకాలం విట్‌స్కె ఐసు మ్యాప్ తెచ్చింది. ఎవరైనా సరే తాము కొలిచిన చోట గుర్తు పెట్టి అంకె వేయొచ్చు. ముగ్గురు కొలిచి పన్నెండు దాటితే ఆ ముక్క పచ్చబడుతుంది. గెర్లోఫ్ మొదట ససేమిరా అన్నాడు. ఆమె వారం రోజులు ఓపిగ్గా చెప్పింది. జనం కిటికీ దాకా రావడం మానేశారు మేస్త్రి గారూ, మీరు చూసింది వాళ్లకి చేరాలంటే మీరే వాళ్ల దగ్గరికి వెళ్లాలి, అంది. ఆ మాట అతనికి నచ్చింది. గురువారం విట్‌స్కె వచ్చి అతని ఫోనులో అంతా సిద్ధం చేసి, మీరు చూసిన చోట గుర్తు పెడితే చాలు, మీ మాటకి ఇంకొకరి సాక్ష్యం అక్కర్లేదు, అని చెప్పి పరుగున పోయింది.

శుక్రవారం గెర్లోఫ్ బాటంతా తిరిగాడు. ఆరు చెడ్డ చోట్లు దొరికాయి. ఐదింట కొమ్మలు గుచ్చాడు. ఆరోది హంసల మలుపు. అక్కడ హంసలు రాత్రంతా ఈదుతూ నీళ్లని గడ్డకట్టనివ్వవు. ఆఖర్న పైన పొరలా ఐసు కడుతుంది, దానిమీద మంచు పడితే చూడ్డానికి గట్టి నేలే. కొమ్మ గుచ్చుదామన్నా దగ్గరికి పోయే వీల్లేదు. అసలు అక్కడికెవరు పోతారు? బాట అక్కడ ఒడ్డెక్కుతుంది. స్కేట్ల పదును పోకుండా నేలమీద పాత తివాచీలు పరుస్తారు, జనం స్కేట్లతోనే వాటిమీద రెండొందల గజాలు నడిచి, మలుపు దాటాక మళ్లీ నీటిమీదికి దిగుతారు. ఎప్పట్నుంచో అంతే.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, కళ్లజోడు పెట్టుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఒక్కడే, ఎవరి సాయం లేకుండా మ్యాప్‌లో ఆరు గుర్తులు పెట్టాడు. ఆరు చెడ్డ చోట్లకి ఆరు గుర్తులు. మందం ఎంత అని అడిగితే ఖాళీగా వదిలేశాడు. లేని ఐసుకి అంకె ఏం వేస్తాడు? ఫోను మూసి, ఎర్ర పెన్సిలు జేబులోంచి తీసి సొరుగులో పెట్టేశాడు. చాలా రోజుల తర్వాత తనమీద తనకి కాస్త గర్వం కలిగింది.

ఇప్పుడు విట్‌స్కె అతని మొహం చూసి తన మొహం తెల్లబోయి, ఏమైందని అడిగింది. గెర్లోఫ్ రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమెకి వెంటనే అర్థమైంది. అంకె వేయకపోతే పక్క గుర్తుల అంకెల్ని బట్టి మ్యాప్ తనే ఒక అంకె వేసుకుంటుంది. పక్కనంతా పద్నాలుగూ పదిహేనూ. పైగా మేస్త్రి గుర్తు. వెంటనే పచ్చబడింది. ఆమె ఈ ఊరికి కోడలై వచ్చి ఎనిమిదేళ్లు. కిందటిసారి గడ్డకట్టినప్పుడు పురిటి మంచంమీద ఉంది. కిటికీలో ఎర్ర గుర్తంటే ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని కూడా ఎవరికీ తోచలేదు.

"మిగతా ఐదింటికీ కొమ్మలున్నాయి. దీనికి లేదు. యెల్త్యెకి ఆ తివాచీమీద నడవాలంటే ప్రాణం మీదికొస్తుంది. రాత్రి కూడా అదే అంది, మోకాలికి ఆ ఒక్క నడకే భయమని," అన్నాడు గెర్లోఫ్.

అంటూనే భార్యకి ఫోను చేశాడు. మోగుతూనే ఉంది. ఆమె ఫోను వీపు సంచిలో, కాఫీ ఫ్లాస్కు పక్కన, రెండు స్వెట్టర్ల కింద ఉంటుంది. ఎవరి చెవినా పడదు.

విట్‌స్కె ఫోనులో ఆ గుర్తు చెరిపింది. అర నిమిషంలో పచ్చ పోయింది. కానీ ఐసుమీద ఉన్నవాళ్లు ప్రతి నిమిషం ఫోను చూస్తారా? తొడుగులు విప్పాలి, చలి.

"గ్రూపులో రాయి," అన్నాడు గెర్లోఫ్ కోటు గుండీలు పెట్టుకుంటూ. "హంసల మలుపులో ఐసు లేదు, గెర్లోఫ్ తప్పు చేశాడు, అని రాయి."

"మ్యాప్‌లో పొరపాటు అని రాస్తాను."

"నా పేరు రాయి అమ్మా. మ్యాప్ పేరు చూసి ఎవరూ ఆగరు."

లెక్క వేసుకున్నాడు. యెల్త్యె నెమ్మదిగా వెళ్తుంది. పదకొండున్నరకి మలుపు దగ్గరుంటుంది. కరకట్టమీద సైకిలు తొక్కితే మూడు కిలోమీటర్లు. ఇంకా పదిహేడు నిమిషాలుంది.

కరకట్టంతా పేరుకున్న మంచు. ఎదురుగాలి. మొదటి కిలోమీటరు అతనికి గుర్తే లేదు. రెండోదాంట్లో సైకిలు జారి పక్కకి పడ్డాడు, లేచాడు, హ్యాండిల్ వంకర పోయింది, అలాగే తొక్కాడు. కోటు జేబులో ఫోను ఆగకుండా బుర్రుబుర్రుమంటోంది. ఒకదాని తర్వాత ఒకటి, నలభై మందో యాభై మందో ఒకేసారి ఏదో చెబుతున్నట్టు. ఆగి చూద్దామనిపించింది. ఆగితే అర నిమిషం పోతుంది. చూస్తే కాళ్లు ఆడకుండా పోవచ్చు కూడా. ఆగలేదు.

పెళ్లయి నలభై ఒక్క ఏళ్లు. వాళ్లకి మొదటి పరిచయం ఐసుమీదే. అప్పుడతను వాళ్ల నాన్న వెంట కొమ్మలు మోసేవాడు. ఆ కొమ్మలేంటని ఆమె అడిగింది. కొమ్మ కనబడితే అటు రాకు, అన్నాడు. అంతే మాట్లాడాడు ఆ రోజుకి. ఆమె తర్వాత చాలా ఏళ్లు దాన్ని పట్టుకుని ఏడిపించింది, అమ్మాయితో మొదటి మాటే రాకు అన్నవాణ్ణి నేనొక్కదాన్నే చేసుకున్నానని.

మలుపు కనబడింది. ఒడ్డున గుంపు. ఐసుమీద నిచ్చెన పడుకోబెట్టి ఉంది. నిచ్చెన అవతలి కొసన నల్లటి నీళ్లు, బల్లంత గుంట. ఆ గుంట అంచున ఎర్ర టోపీ పడి ఉంది.

గెర్లోఫ్ సైకిలు దిగలేదు, వదిలేశాడు. అది వాలులో జారిపోయి తుంగలో పడింది. అతను కూర్చునే కిందికి జారాడు. గుంపులోంచి ఎవరో మేస్త్రి వచ్చాడన్నారు. జనం దారి ఇచ్చారు. ఒడ్డున కంబళి కింద ఎవరో పడుకుని ఉన్నారు. కంబళి అంచు కింద తడిసిన స్కేట్లు రెండు కనబడ్డాయి. నల్లవి. పెద్దవి.

"నీ మొగుడొచ్చాడు, యెల్త్యె," అని కంబళి లోపలి గొంతు అంది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "ముందు వాణ్ణి తిట్టు. తర్వాత నన్ను తిడుదువుగాని."

ఆవుల బెర్టుస్. కంబళి పక్కన కాలు చాపుకుని, తివాచీ చివర కూర్చుని, యెల్త్యె అతనికి తన ఫ్లాస్కులోని కాఫీ తాగిస్తోంది. తలమీద టోపీ లేదు. నెరిసిన జుట్టు గాలికి ఎగురుతోంది.

గెర్లోఫ్ ఆమె పక్కన కూలబడ్డాడు. తల పట్టుకున్నాడు. నేనే, నేనే ఆ గుర్తు, అని ఏదో అనబోయాడు.

"తెలుసు," అంది యెల్త్యె. "నీ గుర్తు చూసే కదా ఆగాను."

జరిగింది ఆమే చెప్పింది. పొద్దున ముందు వెళ్లిన పాతకాపులు అలవాటు కొద్దీ తివాచీమీద నడిచి పోయారు. గెర్లోఫ్ లెక్కకంటే ఇరవై నిమిషాలు ముందే ఆమె వచ్చేసరికి, జనం మ్యాప్ చూసుకుని, పచ్చగా ఉంటే నడక దేనికని ఐసుమీదే ముందుకి కదలబోతున్నారు. ఆమె మోకాలు కూడా అదే మాట అంది. సంచి దించి, ఫోను వెతికి, కళ్లజోడు పెట్టుకుని చూసింది. పచ్చ గీత. దానిమీద గెర్లోఫ్ పేరు.

"ముప్ఫై మూడేళ్లుగా నీ పటం చూస్తున్నాను. నువ్వు మంచి ఐసుమీద గుర్తు పెట్టడం ఒక్కసారైనా చూశానా? నీ పేరుంది అంటే అక్కడ మునుగుతామని. రంగు ఏదైతే నాకేం?"

ఆమె కాలువకి అడ్డంగా నిలబడి చేతులు చాపింది. స్నేహితురాళ్లిద్దరూ అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. వెనక పద్నాలుగు మంది ఆగిపోయారు. కొందరు విసుక్కున్నారు, ఒకతను లీవార్డెన్ పట్నం నుంచి ఇంత దూరం వచ్చింది ముసలమ్మల మాట వినడానికి కాదన్నాడు. కానీ ఆగారు. బెర్టుస్ ఆగలేదు. కాగితం నాటి భయాలు ఇంకా పోలేదా, పచ్చగా ఉందమ్మా, నీ మొగుడే పెట్టాడు, అని ఆమె చెయ్యి కింద నుంచి వంగి దూసుకుపోయాడు. ఇరవై గజాలు బాగానే పోయాడు. తర్వాత కనబడలేదు.

తివాచీ అవతలి కొసన కాపలా ఉన్నవాళ్ల దగ్గర నిచ్చెనా తాడూ ఉన్నాయి. అవి వచ్చేలోగా యెల్త్యె ఐసుమీద బోర్లా పడుకుని, ముందుకి పాకి, తన మెడలోని పొడుగు ఊలు శాలువా విసిరింది. దాన్ని పట్టుకునే బెర్టుస్ రెండు నిమిషాలు తేలాడు. ఆ పెనుగులాటలో టోపీ ఊడిపోయింది.

"విట్‌స్కె వార్త వచ్చిందా మీకు?" అని అడిగాడు గెర్లోఫ్.

"వచ్చింది. బెర్టుస్ మునిగాక వచ్చింది. కానీ వెనక ఇంకో ముప్ఫై మంది వస్తున్నారు. వాళ్లు వంతెన దగ్గర అది చూసి ఆగిపోయారు. నేను అందర్నీ ఆపలేకపోయేదాన్ని."

గెర్లోఫ్ అప్పుడు ఫోను తీశాడు. నూట పన్నెండు వార్తలు. మొదటిది విట్‌స్కెది, అతను చెప్పింది చెప్పినట్టే. తర్వాత ఎక్కడెక్కడి వాళ్లో, మేం ఆగాం, మేం వెనక్కి తిరిగాం, మా పిల్లలు నాతోనే ఉన్నారు, అని వరసగా. తనని తిట్టినవాళ్లు ఇద్దరే. వాళ్లవి రెండుసార్లు చదివాడు.

సాయంత్రం నాలుగింటికి షెడ్డులో సంఘం కూర్చుంది. పగిలిన సూపు గిన్నె ఎవరో ఊడ్చారు. అధ్యక్షుడు హైల్కె, గొంతు తగ్గించి, ఇక ఈ మ్యాప్ వద్దు, కిటికీ చాలు, అన్నాడు. చాలామంది తలూపారు. విట్‌స్కె రాజీనామా కాగితం రాసుకునే వచ్చింది. అంకె ఖాళీగా ఉంటే మ్యాప్ ఊహించుకునేట్టు పెట్టింది తనేనని చెప్పి, ఆ కాగితం బల్లమీద పెట్టింది.

గెర్లోఫ్‌కి తోచింది ఒక్కటే. మ్యాప్ వద్దంటే తన తప్పు మ్యాప్ మీదికి పోతుంది. అది హాయిగానే ఉంటుంది. అతను లేచాడు.

"కిటికీలో ఎర్ర గుర్తంటే ఏంటో ఈ అమ్మాయికి మనలో ఎవరు చెప్పారు?" అన్నాడు. "మ్యాప్ అంకె ఎందుకు అడుగుతోందని నేనూ ఈ అమ్మాయిని అడగలేదు. అడిగితే ముసలాడికి రాదనుకుంటుందని సిగ్గు. బెర్టుస్ నీళ్లలో పడింది ఆ సిగ్గు వల్ల. ఆ ముప్ఫై మంది వంతెన దగ్గర ఆగింది కిటికీ చూసి కాదు. మ్యాప్ ఉండనీ. దాంట్లో కొమ్మ పెట్టండి."

కొమ్మేంటి, అన్నాడు హైల్కె. గెర్లోఫ్ జేబులు తడుముకున్నాడు, పెన్సిలు ఇంట్లో సొరుగులో ఉంది. ఎవరో పెన్ను ఇచ్చారు. రొట్టెల సంచిమీద బొమ్మ వేశాడు. ఐసులో గుచ్చిన కొమ్మ. అది కోడి కాలులా వచ్చింది. దీనికి అంకె ఉండదు, రంగు ఉండదు, ఇది ఉన్నచోటికి పోకూడదు, అంతే, అన్నాడు. విట్‌స్కె ఆ సంచిని తన వైపు లాక్కుంది. రాజీనామా కాగితం మడిచి, దాని వెనకవైపు ఏవో రాసుకోవడం మొదలెట్టింది. ఇంటి నుంచి బెర్టుస్ గ్రూపులో తన తడి ప్యాంటు ఫొటో పెట్టాడు, పొయ్యి ముందు ఆరేసి ఉంది. కింద రాశాడు: హంసల మలుపులో ఐసు పద్నాలుగు సెంటీమీటర్లు, నేనే కొలిచాను.

ఆదివారం పొద్దున గెర్లోఫ్, యెల్త్యె ఇద్దరే బయల్దేరారు. హంసల మలుపు దగ్గర ఆమె అతని భుజం పట్టుకుని, తిట్టుకుంటూ, తివాచీమీద నడిచింది. గుంటమీద మళ్లీ పొర కట్టింది. ఎర్ర టోపీ దాంట్లో సగం కూరుకుని గడ్డకట్టి ఉంది. దాన్ని అలాగే వదిలేశారు.

గెర్లోఫ్ ఒడ్డుమీంచి పొడవాటి కొమ్మ చాపి, చేయి అందినంత దూరంలో గుచ్చాడు. తర్వాత తొడుగు విప్పి ఫోను తీశాడు. పగిలిన అద్దంమీద వేలు రెండుసార్లు జారింది. మూడోసారి, విట్‌స్కె రాత్రికి రాత్రే మ్యాప్‌లో పెట్టిన కోడి కాలు దొరికింది. నొక్కాడు.

రెండడుగుల దూరంలో యెల్త్యె వీపు సంచిలో ఏదో కిచకిచమంది. ఆమె సంచి దించింది. ఫ్లాస్కు బయట పెట్టింది, స్వెట్టరు బయట పెట్టింది, ఫోను తీసి, కళ్లజోడు పెట్టుకుని, తీరిగ్గా చదివింది.

"గెర్లోఫట, ఎవరో. అటు పోవద్దంటున్నాడు."

"మరి వింటావా?"

ఆమె ఫోను మీంచి తల ఎత్తి, కళ్లజోడు పైనుంచి నీళ్లవైపు చూసింది.

"కొమ్మ ఉందో లేదో చూడనీ ముందు," అంది.